కుంకుడుకాయా, ఆకు బొమ్మ సీసానా, మామూలు సబ్బా: ఇంట్లో ఏ పనికి ఏది కొనాలి?

మొన్న వేసవిలో సింకు కింద అర కడుగుదామని సామానంతా బయటికి తీస్తే పదకొండు సీసాలు తేలాయి. వాటిలో ఏడింటి మీద "నేచురల్" అంటూ ఆకు బొమ్మ ఉంది. గిన్నెలకి ఒకటి, నేలకి రెండు, బాత్రూముకి రెండు, కూరగాయలు కడగడానికట ఇంకొకటి, దేనికోసం కొన్నామో ఇంట్లో ఎవరికీ గుర్తులేనిది మరొకటి. మా అత్తయ్య గుమ్మంలో నిలబడి చూసి, "ఇన్ని కొన్నావు. మళ్లీ పట్టుచీర తడపాలంటే నా కుంకుడుకాయల డబ్బాయే కావాలి నీకు" అన్నారు.

ఆవిడ అన్నది నిజమే. ఇదంతా పాప చర్మంతో మొదలైంది. మోచేతి మడతల్లో ఎర్రగా పేలి, రాత్రంతా గోక్కుంటుంటే చర్మం డాక్టరుకి చూపించాం. "సువాసన ఉన్నవన్నీ కొన్నాళ్లు పక్కన పెట్టండి" అన్నారు. ఆయన చెప్పింది సువాసన గురించి. నాకు వినపడింది మాత్రం "కెమికల్స్ మానేయండి" అని. ఆ టెన్షన్‌లో మూడేళ్లపాటు దొరికినవన్నీ కొన్నాను. మా విశాఖ పూర్ణా మార్కెట్లో తూకానికి అమ్మే పాత సరుకు, ఆకు బొమ్మతో ఆన్‌లైన్లో వచ్చే ఖరీదైన సీసాలు, వీధి చివర కిరాణా కొట్లో ఎప్పుడూ ఉండే సబ్బులూ పౌడర్లూ, ఈ మూడూ మా ఇంట్లో పక్కపక్కనే నడిచాయి. చివరికి పాత సరుకు కొన్ని పనుల్లో గెలిచింది, మామూలు సబ్బు చాలా పనుల్లో గెలిచింది. ఆకు బొమ్మ సీసా గెలిచింది రెండే రెండు చోట్ల.

ముందు మీ కుళాయిలో ఏ నీళ్లు వస్తున్నాయో చూడండి

ఏది కొనాలో సగం తేల్చేది నీళ్లే. ఈ సంగతి నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. విశాఖలో రెండు రకాల ఇళ్లున్నాయి. ఒకటి జీవీఎంసీ, అంటే నగర పాలక సంస్థ, నీళ్లు వచ్చే ఇల్లు. రైవాడ, తాటిపూడి, మేహాద్రిగెడ్డ లాంటి జలాశయాల నుంచి వచ్చేవి కాబట్టి సబ్బు బాగానే నురగ కడుతుంది. రెండోది బోరు మీద నడిచే అపార్ట్‌మెంట్. సముద్రానికి దగ్గరైతే ఆ నీళ్లు ఉప్పన, కాస్త పైకి వెళ్తే సున్నం ఎక్కువ. ఒకే అపార్ట్‌మెంట్లో వంటింటికి ఒక రకం, బాత్రూముకి ఒక రకం రావడం కూడా మామూలే.

తేల్చుకోవడం తేలిక. పారదర్శకంగా ఉండే సీసాలో సగం దాకా నీళ్లు పోసి, ఒంటి సబ్బు చిన్న ముక్క గీకి వేసి గట్టిగా ఊపండి. నురగ నిలబడి కింద నీళ్లు తేటగా ఉంటే మెత్తని నీళ్లు. నురగ చప్పున చచ్చి, నీళ్లు పాలలా మారి పైన తెట్టె కడితే గట్టి నీళ్లు.

దీనికీ నేచురల్‌కీ సంబంధం ఏమిటంటే, నూనెలతో ఇంట్లోనో చిన్న యూనిట్లోనో చేసే "హ్యాండ్‌మేడ్" సబ్బు అసలు సిసలైన సబ్బు. అసలు సబ్బుకి గట్టి నీళ్లంటే పడదు. నీళ్లలోని కాల్షియం, మెగ్నీషియంతో కలిసి విరిగిన పాలలా అయిపోతుంది. బకెట్ అంచుకి, తువ్వాలుకి, జుట్టుకి పట్టే ఆ జిగురు తెట్టె అదే. ఫ్యాక్టరీ డిటర్జెంటు, షాంపూ అలా విరగవు. అంటే బోరు నీళ్ల ఇంట్లో మంచి నూనెల సబ్బు ఓడిపోయి "కెమికల్" సీసా గెలుస్తుంది. మా తోడికోడలు మధురవాడలో ఉంటుంది, పూర్తిగా బోరే. నేను ముచ్చటపడి ఇచ్చిన కొబ్బరినూనె సబ్బుతో నెల రోజులు స్నానం చేసి, "అక్కా, ఒళ్లంతా సుద్ద రాసుకున్నట్టుంది" అని తిరిగి ఇచ్చేసింది. అదే సబ్బు మా ఇంట్లో నిక్షేపంలా అరిగిపోయింది.

ఆకు బొమ్మ వెనక ఏముంటుంది

సీసా ముందు వైపు చదవకండి, వెనక్కి తిప్పండి. "కెమికల్ ఫ్రీ" అనేది అర్థం లేని మాట, నీళ్లూ కెమికలే. "నేచురల్" అన్న మాట వాడటానికి ఇంత శాతం ఉండాలని గీత గీసిన కొలత లేదు. 2024 అక్టోబరులో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ పర్యావరణం పేరుతో చేసే తప్పుడు ప్రచారానికి మార్గదర్శకాలు తెచ్చింది. "ఎకో ఫ్రెండ్లీ" లాంటి మాట రాస్తే ఆధారం చూపించాలి. అయినా ఆకు బొమ్మల జోరు తగ్గలేదు. ప్రభుత్వ గుర్తు కావాలనుకుంటే మట్టికుండ బొమ్మ వెతకాలి. అది ఎకోమార్క్, 1991లో మొదలై 2024లో కొత్త నిబంధనలతో వచ్చింది. నా బుట్టలోకి మాత్రం ఇంతవరకు ఆ కుండ ఉన్న సీసా ఒక్కటీ రాలేదు.

"కొబ్బరి నుంచి తీసినది" అనే మాటకి నేను చాలాసార్లు పడిపోయాను. షాంపూల్లో అందరూ తిట్టుకునే సోడియం లారిల్ సల్ఫేట్‌ని కూడా కొబ్బరి నూనె, పామాయిల్ నుంచే తయారుచేస్తారు. ఎక్కడి నుంచి వచ్చిందన్నది కాదు, చివరికి ఏమైందన్నది చూడాలి. అలాగని ఆ సల్ఫేటు విషమూ కాదు. క్యాన్సర్ వస్తుందని వాట్సాప్‌లో తిరిగేది పుకారు. పొడి చర్మాన్ని ఇంకా ఎండగడుతుంది, అంతే. అలాంటి చర్మం ఉన్నవాళ్లకి జాబితాలో డెసైల్ గ్లూకోసైడ్, కోకో గ్లూకోసైడ్ అని ఉండే రకం మెత్తగా ఉంటుంది.

చూడాల్సిన అసలు మాట "పర్ఫ్యూమ్" లేదా "ఫ్రాగ్రెన్స్". ఆ ఒక్క మాట వెనక పదుల కొద్దీ పదార్థాలు ఉండొచ్చు. నిమ్మ, లావెండర్, టీ ట్రీ నూనెలు పెడితే అది సహజ సువాసనే, కానీ పడనివాళ్లకి దద్దుర్లు వాటితోనూ వస్తాయి. మా పాపకి పడనిది కూడా అదే. ఆరు నెలలు నేను మార్చి మార్చి కొన్న సీసాలన్నింటిలోనూ ఏదో ఒక పూల నూనె ఉంది. "ఫ్రాగ్రెన్స్ ఫ్రీ" అంటే సువాసన వెయ్యలేదని. "అన్‌సెంటెడ్" అంటే వాసన తెలియకుండా ఇంకేదో వేసి కప్పేసి ఉండొచ్చు. ఈ రెండూ ఒకటనుకోకండి.

ఒంటికి రాసుకునేవాటి మీద పదార్థాల జాబితా ఉండి తీరాలి, ఎక్కువ ఉన్నది ముందు, తక్కువ ఉన్నది వెనక. "కుంకుడుకాయ షాంపూ" అన్నదాంట్లో కుంకుడు పేరు చివరి వరసలో సువాసన పక్కన ఉంటే అది మామూలు షాంపూయే, ధర వేరు. గిన్నెలు, నేల కడిగేవాటి మీద ఆ జాబితా పూర్తిగా ఉండకపోవచ్చు. ఎక్కువ ధర తీసుకుని జాబితా దాచేవాళ్ల దగ్గర కొనడం నేను మానేశాను.

ప్రిజర్వేటివ్ లేదని గొప్పగా రాసిన క్రీములతో కూడా జాగ్రత్త. నీళ్లు ఉండి, నిల్వకు ఏమీ వేయని కలబంద జెల్ మన ఊరి ఉక్కలో బాత్రూము అల్మారాలో పెడితే ఎన్నాళ్లుంటుంది? అయితే ప్రిజర్వేటివ్‌లలోనూ తేడాలున్నాయి. మిథైల్‌ఐసోథయాజోలినోన్ అనేది బాగా అలర్జీ తెప్పిస్తుందని ఒంటి మీద ఉండిపోయే క్రీములు, వైప్స్‌లో దాన్ని యూరప్‌లో 2017 నుంచి ఆపేశారు. పిల్లల వైప్స్ కొనేటప్పుడు ఆ పేరు ఉందేమో చూడండి.

తలకీ ఒంటికీ

ఇక్కడ పాత సరుకు నిజంగా నిలబడుతుంది, కాబట్టి కాస్త తీరిగ్గా చెబుతాను.

కుంకుడుకాయలో నురగ తెచ్చేవి సాపోనిన్లు. రసం కొంచెం పులుపు వైపు ఉంటుంది, మన చర్మం లాగే. గట్టి నీళ్లలో సబ్బులా విరిగి తెట్టె కట్టదు. పూర్ణా మార్కెట్లో కొంటే పైతోలు నొక్కి చూడండి. కాస్త జిగటగా, చీల్చితే లోపల తేనె రంగులో ఉండాలి. నల్లబడి పెళుసుగా విరిగితే పాతది. అంత దూరం వెళ్లలేనివాళ్లకి గిరిజన సహకార సంస్థ దుకాణాలున్నాయి. 1956లో పెట్టిన ఈ సంస్థ ప్రధాన కార్యాలయం మన ఊళ్లోనే. మన్యంలో గిరిజనులు సేకరించిన కుంకుళ్లు, శీకాయ, చింతపండు, తేనె, కొండచీపుర్లు కొని అమ్ముతుంది. పొడి కొంటే ప్యాకెట్ మీద కుంకుడు తప్ప ఇంకో పేరు ఉండకూడదు. ఆ పొడి చల్లేటప్పుడు ముక్కుకి గుడ్డ కట్టుకోండి, లేదంటే అరగంట తుమ్ములు.

భుజాల దాకా ఉన్న జుట్టుకి ఎనిమిది, పది కాయలు చాలు. గింజ తీసేసి, తోలు రాత్రి వేణ్నీళ్లలో నానేసి, పొద్దున పిసికి వడకట్టాలి. నాలుగు మందారాకులు కలిపితే జుట్టు చిక్కుపడదు. మిగిలిన రసం బయట పెడితే రెండో రోజుకే పులిసిపోతుంది. ఫ్రిజ్‌లో నాలుగైదు రోజులు ఆగుతుంది. మేం ఐసు ట్రేలో పోసి గడ్డ కట్టించి, ఆదివారం ఆరు ముక్కలు కరిగిస్తాం.

సాధకబాధకాలూ చెప్పాలి. కళ్లలో పడితే ఆ మంట మన తరం వాళ్లకి చెప్పక్కర్లేదు. చిన్నప్పుడు వీపు మీద చరుస్తూ నోట్లో ఉప్పుకల్లు వేసేవారు. మంట తగ్గేదో లేదో కానీ ఏడుపు ఆగేది. కళ్లకి మందు మాత్రం చల్లటి నీళ్లే, బాగా పోసి కడగాలి. ఇంకోటి, తల నిండా నూనె పెట్టి కుంకుడు రసంతో ఒకే చుట్టులో వదిలిపోవాలంటే కుదరదు. ఆఫీసుకి పరిగెత్తే మంగళవారం నాడు మామూలు షాంపూ ఒక్క చెంచా నీళ్లలో కలిపి వాడుకోండి, పాపమేమీ లేదు. నా లెక్కలో ఆదివారం కుంకుడు, వారం మధ్యలో సువాసన లేని షాంపూ.

సున్నిపిండి దగ్గర మా అత్తయ్యకీ నాకూ నిజంగానే వాదన నడిచింది. ఆవిడ పెసలు, శనగపప్పు, కచ్చూరాలు, తుంగముస్తలు, గులాబీ రేకులతో పాటు బావంచాలు వేస్తారు. బావంచాల్లో సొరాలెన్ ఉంటుంది. ఎండ తగిలితే చర్మాన్ని నల్లబరిచే, ఒక్కోసారి కాల్చేసే పదార్థం అది. బొల్లి మచ్చల చికిత్సలో ఎండతో కలిపి వాడేది ఆ రకమే. నలుగు పెట్టుకుని పొద్దున్నే బీచ్ రోడ్డులో నడకకి వెళ్తే ఏమవుతుందో ఆలోచించండి. నిమ్మరసం ముఖానికి రాసుకుని ఎండలోకి వెళ్తే గోధుమ రంగు మచ్చలు పడేది కూడా ఇదే కారణంతో. "మా అమ్మమ్మ కాలం నుంచీ వేస్తున్నాం" అన్నారు అత్తయ్య. "అప్పుడు నలుగు పెట్టుకుని గడపలోపలే ఉండేవారు కదండీ" అన్నాను. ఆవిడ ఏమీ అనలేదు. మరుసటి నెల పిండిలో బావంచాలు లేవు, వాటి బదులు వట్టివేళ్లు వచ్చాయి. పేలి, పొక్కి ఉన్న పిల్లల చర్మం మీద మాత్రం ఏ పిండీ రుద్దకండి. గరుకు ఒక సమస్య, చిట్లిన చర్మం లోంచి పప్పుల పదార్థం లోపలికి వెళ్తే ఆ పప్పే పడకుండా పోయే అవకాశం ఇంకో సమస్య.

ఆకు బొమ్మ సీసా గెలిచిన మొదటి చోటు ఇదే, పాప స్నానం. సువాసన లేని, గ్లూకోసైడ్ రకం బాడీ వాష్, ఖరీదైనదే, కానీ రోజుకి బఠాణీ గింజంత చాలు. తర్వాత మూడు నిమిషాల్లో క్రీము.

పెద్దవాళ్ల ఒంటి సబ్బుకి నేను చూసేది టీఎఫ్ఎం అంకె ఒక్కటే. అంటే సబ్బులో కొవ్వు పదార్థం ఎంత శాతమో చెప్పేది. మన ప్రమాణాల్లో 76 శాతం పైన ఉంటే గ్రేడ్ 1, 70 అయితే గ్రేడ్ 2, 60 అయితే గ్రేడ్ 3. "బాతింగ్ బార్" అని చిన్న అక్షరాల్లో ఉంటే అది టాయిలెట్ సోప్ లెక్కలోకి రాదు, 40 శాతం ఉన్నా చాలు. వేప రసం, పసుపు, బొగ్గు ఏ బొమ్మ వేసినా ముందు ఈ అంకె చూడండి. "యాంటీ బ్యాక్టీరియల్" కోసం ఎక్కువ పెట్టక్కర్లేదు. ట్రైక్లోసాన్‌తో సహా 19 పదార్థాలను అలాంటి సబ్బుల్లో వాడొద్దని అమెరికా ఎఫ్‌డీఏ 2016లో చెప్పింది. మామూలు సబ్బు కంటే మేలని కంపెనీలు చూపించలేకపోయాయి.

చెమటకి డియోడరెంట్ బదులు పటిక వాడే అలవాటు మళ్లీ వచ్చింది. బాగానే పనిచేస్తుంది, చవక కూడా. కానీ "అల్యూమినియం లేనిది కావాలి" అని పటిక ముక్క కొనేవాళ్లని చూస్తే నవ్వొస్తుంది. పటిక అంటేనే అల్యూమినియం లవణం.

గిన్నెలూ బట్టలూ

కుంకుడు రసంతో గిన్నెలు తోమొచ్చని వీడియోలు చూసి ఒక వారం పట్టుబట్టాను. టీ గ్లాసులు, పప్పు గిన్నె వరకు సరే. శనివారం రాత్రి వంజరం వేపుడు పెనం, చేపల పులుసు దాక వచ్చేసరికి కథ ముగిసింది. ఆ తర్వాత ఖరీదైన ఆకు బొమ్మ డిష్‌వాష్ తెచ్చాను. మా ఇంట్లో గిన్నెలు తోమే ఆవిడ రెండు రోజులు చూసి, "ఏటమ్మా ఇది, ఎంత పోసినా నురగే రాదు, జిడ్డెలా పోద్ది?" అంది. నురగ లేకపోయినా పోతుందని నేను పాఠం చెప్పాను. ఆవిడ నవ్వి ఊరుకుని, నెలకి రావాల్సిన సీసా తొమ్మిది రోజుల్లో ఖాళీ చేసింది. ధర లెక్క అప్పుడు తెలిసింది. సీసా ధర కాదు, నెలకి ఎన్ని సీసాలన్నదే లెక్క.

ఇప్పుడు మామూలు డిష్‌వాష్ లిక్విడే వాడుతున్నాం. ఒక చెంచాకి గ్లాసు నీళ్లు కలిపి పెడతాం, బీరపీచుతో తోముతారు. గిన్నె మీద సబ్బు మిగలకుండా బాగా కడిగితే తినేవాళ్లకి భయం లేదు. దెబ్బ తినేది తోమే చేతులు. రోజూ నాలుగిళ్లలో తోమే మనిషికి వేళ్ల సందులు ఒరిసిపోయి ఉంటాయి. మనం విషం లేని ఇల్లు అని మాట్లాడుకునేటప్పుడు ఆ చేతులు ఎందుకో గుర్తుకురావు. రబ్బరు గ్లౌజులు కొనివ్వండి, అడగకముందే.

రాగి చెంబు, ఇత్తడి దీపపు కుందులకి చింతపండు, ఉప్పు. దానికి మించిన సీసా నాకు దొరకలేదు. వంటసోడా జిడ్డు గట్టు మీద రుద్దడానికి బాగుంటుంది. వినెగర్ తెల్ల మరకలకి బాగుంటుంది. రెండూ కలిపి బుసబుస పొంగించి ఏదో శక్తి వచ్చిందనుకోవడం మాత్రం భ్రమ. ఒకదాన్నొకటి చంపేసుకుని ఉప్పునీళ్ల లాంటిది మిగులుతుంది.

బట్టలకి కుంకుడుకాయల సంచీ మెషీన్లో వేయడం చూశాను, చేశాను. ఉత్త నీళ్లతో ఉతికినదానికీ దానికీ పెద్ద తేడా కనపడలేదు. స్కూలు యూనిఫాం కాలరు మీద మట్టి అలాగే ఉంది. కానీ పట్టుచీరకీ ఉన్నికీ కుంకుడు రసమే రాణి. పట్టు మన జుట్టులాగే ప్రోటీను. డిటర్జెంటులోని క్షారం, మరకలు తినే ఎంజైములు దాన్నీ కొరుకుతాయి. కుంకుడు రసం కొరకదు. పొందూరు ఖద్దరు పంచెలకీ మా మామయ్యగారు ఇదే పద్ధతి.

రోజువారీ బట్టలకి సువాసన లేని లిక్విడ్ డిటర్జెంటు, ఇదే ఆకు బొమ్మ గెలిచిన రెండో చోటు. మామూలు కంపెనీల్లో సువాసన లేనిది దొరకడం కష్టం. దొరికితే అదే కొనండి. దొరక్కపోతే మీ పాత పౌడరే సగానికి తగ్గించి, ఒకసారి ఎక్కువ జాడించి, ఫాబ్రిక్ కండిషనర్ పూర్తిగా మానేయండి. మా పాప దురద సగం తగ్గింది ఆ కండిషనర్ మానేశాకే.

నేల, బాత్రూము, ఆ యాసిడ్ సంగతి

కడప బండ సున్నపురాయి. పాత ఇళ్ల మొజాయిక్‌లో పాలరాతి ముక్కలు, సిమెంటు ఉంటాయి. వీటి మీద నిమ్మరసం, వినెగర్, బయో ఎంజైమ్, నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) ఏది పోసినా తినేస్తుంది. సహజమైన పులుపైనా రాయికి పులుపే. మా వంటింటి కడప గట్టు మీద కోసిన నిమ్మచెక్క ఒక రాత్రి ఉండిపోతే, గుండ్రటి తెల్ల మచ్చ ఇప్పటికీ ఉంది. వీటికి గోరువెచ్చటి నీళ్లు, చుక్క డిష్‌వాష్, అంతే. గ్రానైటు, విట్రిఫైడ్ టైల్స్ అయితే అంత భయం లేదు.

బయో ఎంజైమ్ సంగతి అడుగుతారని తెలుసు. బెల్లం ఒక పాలు, నిమ్మ, బత్తాయి తొక్కలు మూడు పాళ్లు, నీళ్లు పది పాళ్లు, మూడు నెలలు. మొదటి నెల రోజూ మూత వదులు చేసి గ్యాసు పోనివ్వాలి. నేను మే నెలలో నాలుగు రోజులు మర్చిపోయి పెళ్లికి వెళ్లొచ్చాను. వంటింటి సీలింగ్ మీద బత్తాయి తొక్క అతుక్కుని ఉంది. గాజు సీసా కాదు కాబట్టి బతికిపోయాం. సరిగా తయారైతే టైల్స్, సింకు తుడవడానికి పనికొచ్చే పలచటి పులుపు ద్రవం అది. క్రిముల్ని చంపేస్తుందని నమ్మి వాంతులు, విరేచనాల పేషెంటు ఉన్న బాత్రూముకి వాడకండి. ఆ రోజు కావాల్సింది బ్లీచే.

టాయిలెట్ క్లీనర్లలో చాలావాటిలో హైడ్రోక్లోరిక్ యాసిడ్ ఉంటుంది. మన బోరు నీళ్ల మరకలకి అది పనిచేస్తుంది, కాదనను. వారానికోసారి, కమోడ్ లోపల మాత్రమే, కిటికీ తెరిచి. కుళాయిల మీద తెల్ల పొరకి నిమ్మ ఉప్పు చాలు. గ్లాసు వేణ్నీళ్లలో రెండు చెంచాలు కలిపి, గుడ్డ తడిపి కుళాయికి చుట్టి, అరగంట తర్వాత కడిగేయండి.

ఈ వ్యాసంలో ఒక్క ముక్కే గుర్తుపెట్టుకుంటే ఇది పెట్టుకోండి. యాసిడ్ క్లీనరు, బ్లీచింగ్ పౌడర్ లేదా బ్లీచ్ ఎప్పుడూ కలవకూడదు. కలిస్తే క్లోరిన్ వాయువు వస్తుంది. అమ్మోనియా ఉన్న అద్దాల క్లీనరుతో బ్లీచ్ కలిసినా ఊపిరి పట్టే వాయువులే. ఒకటి వాడాక బాగా నీళ్లు కొట్టి, రెండోది ఇంకో రోజు. మూసిన బాత్రూములో గొంతు మండి దగ్గు మొదలైతే శుభ్రం సంగతి వదిలేసి బయటికొచ్చి తలుపులు తీయండి. 2020 మే 7 తెల్లవారుజామున ఆర్.ఆర్. వెంకటాపురంలో ఫ్యాక్టరీ నుంచి స్టైరిన్ అనే విషవాయువు లీకయ్యాక గోపాలపట్నం వైపు చుట్టాలింట్లో ఫినాయిల్ వాసనకే తలుపులు తీసేస్తారు. వాళ్లని ఎవరూ తప్పుపట్టలేరు. అయితే వాసన లేకపోతే ప్రమాదం లేదనీ, ఘాటుగా ఉంటే విషమనీ ముక్కుతో తేల్చకండి. నిమ్మ వాసన వేసిన సీసాలోనూ యాసిడ్ ఉండొచ్చు. నల్ల ఫినాయిల్ మాత్రం పిల్లులున్న ఇంట్లో వద్దే వద్దు. పాదాలకి అంటింది నాకేసి చస్తాయి. రోజూ నేలకి నీళ్లే చాలు, వారానికి ఒకసారి ఏదో ఒక సబ్బు.

వానాకాలంలో అల్మారాల బూజుకి కలరా ఉండలు వేయడం మన అలవాటు. వాటిలో చాలావాటిలో ఉండేది నాఫ్తలీన్. జీ6పీడీ అనే ఎంజైము పుట్టుకతోనే తక్కువగా ఉన్న పసిపిల్లల్లో ఆ బట్టల వాసనకే రక్తకణాలు చితికి కామెర్లు రావచ్చు. పిల్లల బట్టల్లో వేయకండి. ఎండు వేపాకు, వస కొమ్ము గుడ్డలో కట్టి పెట్టండి. వాటి బదులు కర్పూరం పెడదామనుకుంటే, అదీ మింగితే పసివాళ్లకి ఫిట్స్ తెప్పించేదే, చేతికి అందనివ్వకండి. అల్మారాని గోడకి నాలుగు వేళ్ల దూరం జరిపితే వీటన్నిటికంటే ఎక్కువ పని జరుగుతుంది.

చిన్నాచితకా

పళ్లకి ఉప్పు, బొగ్గు, లవంగం ఏదైనా వేసుకోండి కానీ పేస్టులో ఫ్లోరైడ్ ఉండాలి. పుచ్చిపోకుండా కాపాడేది అదే. దోమలకి తెరే మేలు. 2003లో వచ్చిన ఒక పరిశోధనలో ఒక్క కాయిల్ వదిలే సన్న ధూళి 75 నుంచి 137 సిగరెట్లకి సమానమని తేలింది. "హెర్బల్" అగరుబత్తి అన్నా పొగ పొగే. బొట్టుబిళ్ల పెట్టే చోట తెల్ల మచ్చ వస్తే జిగురులోని పారా టెర్షియరీ బ్యూటైల్ ఫినాల్ కారణం కావచ్చు, బిళ్ల మానేసి డాక్టరుకి చూపించండి. చేతికి గోరింటాకు రుబ్బుకోండి. పది నిమిషాల్లో నల్లగా పండే కోనులో ఉండేది జుట్టు రంగులో వాడే పీపీడీ, బొబ్బలు లేస్తాయి. పసిపిల్లల కంట్లో కాటుక, ఇంట్లో చేసినదైనా సరే, వద్దు.

ఉన్నవాటిని ఏం చేయాలి

ఇది చదివి లేచి సింకు కింద ఉన్నవన్నీ పారబోయకండి. డ్రైనేజీలో పోస్తే అవి గెడ్డలోకి, గెడ్డలోంచి సముద్రంలోకి పోతాయి. ఒక్కొక్కటి ఖాళీ అయ్యేదాకా వాడి, దాని బదులు కొత్తది కొనేటప్పుడు మార్చుకోండి. మంచినీళ్ల సీసాల్లోకి, కూల్‌డ్రింక్ సీసాల్లోకి మాత్రం ఏదీ ఒంపొద్దు. చూడక తాగేస్తారు. మా పదకొండులో ఇప్పుడు నాలుగు మిగిలాయి: డిష్‌వాష్, బట్టల లిక్విడ్, కమోడ్ యాసిడ్, పై అరలో తాళం వేసిన బ్లీచ్. నిమ్మ ఉప్పు, వంటసోడా, కుంకుళ్ల డబ్బాలు వంటింట్లోనే ఉన్నాయి, పేరు రాసిన చీటీలతో. దేనికి కొన్నామో గుర్తులేని ఆ సీసా లేబుల్ తడికి చెరిగిపోయింది. అందుకే దాన్ని వాడలేదు, పారబోయనూ లేదు. పాత గుడ్డ చుట్టి, మూత బిగించి, పెయింటు డబ్బాలూ బ్యాటరీలూ ఉన్న సంచీలో వేసి, చెత్త బండికి విడిగా ఇచ్చాం.